వంద రూపాయల మల్లె అత్తరులో మల్లె ఎంత?

సొంతంగా సెంటు బ్రాండ్ పెట్టాలనే ఆలోచన ఈమధ్య చాలామందిలో కనిపిస్తోంది. ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతూ ఇంకో మెట్టు ఎక్కాలనుకునేవాళ్లు ఉన్నారు. రెండెకరాల్లో నిమ్మగడ్డి వేసి, తీసిన నూనెను వ్యాపారి చెప్పిన రేటుకే ఇచ్చేసి, ఇదే నూనె చిన్న సీసాల్లో పోసి అమ్మితే ఎంతొస్తుందా అని లెక్కలేసుకునే రైతులూ ఉన్నారు. సహజమైన, పర్యావరణానికి హాని చేయని పరిమళాలకు గిరాకీ పెరుగుతున్న మాట నిజమే. కానీ చాలామంది ముందు పేరు, తర్వాత లోగో, ఆ తర్వాత సీసా చూసుకుని, లోపల పోసే సరుకు సంగతి చివర్లో ఆలోచిస్తారు. ఈ వ్యాపారంలో ఆ వరుస తిరగబడాలి. ఎందుకో అర్థం కావాలంటే పువ్వుకీ నూనెకీ మధ్య ఉన్న లెక్క ముందు చూడాలి.

ఒక కిలో గులాబీ నూనె రావాలంటే సుమారు 3,500 నుంచి 4,000 కిలోల పూలు కావాలి. అవి కూడా తెల్లవారుజామున కోసినవే. ఎండెక్కే కొద్దీ పువ్వులోని నూనె ఆవిరైపోతుంది. మల్లె, జాజి సంగతి ఇంకో రకం. వాటి వాసన మరిగే నీటి వేడికి చెడిపోతుంది కాబట్టి ఇప్పుడు ఎక్కువగా హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తారు. మొదట మైనంలాంటి ముద్ద వస్తుంది, దాన్ని కాంక్రీట్ అంటారు. దాన్ని ఆల్కహాల్‌తో కడిగి మైనాన్ని వేరుచేస్తే మిగిలే చిక్కటి సారమే అబ్సల్యూట్. రకాన్ని బట్టి కిలో అబ్సల్యూట్‌కి సుమారు 600 నుంచి 1,000 కిలోల పూలు పడతాయి.

పెళ్లిళ్ల సీజన్లో మల్లెపూల రేటు ఎలా ఎగురుతుందో పూలు కొనే ఇంట్లో అందరికీ తెలుసు. లెక్క తేలిగ్గా ఉండడానికి కిలో 300 రూపాయలని, కిలో సారానికి 800 కిలోల పూలని అనుకుందాం. పూలకే 2,40,000 అయింది. ద్రావకం, కరెంటు, కూలి, ఫ్యాక్టరీ లాభం కలిపితే మూడు లక్షలు దాటుతుంది. అంటే గ్రాము 300 రూపాయల పైమాట. మరి 10 మిల్లీలీటర్ల ‘అసలైన మల్లె అత్తరు’ వంద రూపాయలకి ఎలా వస్తుంది? రాదు. ఆ వాసన ఫ్యాక్టరీలో తయారైన సువాసన రసాయనాలది. కృత్రిమం అని చెప్పి అమ్మితే అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, ప్రపంచంలో అమ్ముడయ్యే సెంట్లలో చాలావాటికి ఆధారం అవే. సహజం అని రాసి అమ్మడమే తప్పు.

ఇదే లెక్క ఇంకో వైపు నుంచి చూస్తే ధైర్యం కూడా వస్తుంది. 30 మిల్లీలీటర్ల స్ప్రేలో సువాసన సారాలు సుమారు 15 శాతం, అంటే నాలుగున్నర మిల్లీలీటర్లు ఉంటాయనుకుందాం. అందులో పదోవంతు మల్లె అబ్సల్యూట్ వాడితే అది అర గ్రాము లోపే, అంటే 150 రూపాయలు కూడా కాదు. మిగతా తొమ్మిది వంతులు నిమ్మగడ్డి, పామారోజా (గులాబీని పోలిన వాసనుండే గడ్డి), వట్టివేరు, దవనం లాంటి నూనెలతో కూర్చుకోవచ్చు. కాబట్టి నిజాయితీగా చేసిన సహజ సెంటు సాధ్యమే. అది వంద రూపాయల సరుకు మాత్రం కాదు. ఆ ధర చెప్పి అమ్మగలనా అన్న ప్రశ్నకి జవాబు దొరికాకే మిగతా పనులు.

కన్నౌజ్‌లో ఏం జరుగుతోంది

ఈ వ్యాపారం లోతు తెలియాలంటే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌ను చూడాలి. కాన్పూర్‌కి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, గంగకి దగ్గర్లో ఉన్న ఈ ఊరి అత్తరుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. అక్కడ ఇప్పటికీ నడుస్తున్న పద్ధతి పేరు డేగ్-భప్కా. డేగ్ అంటే పెద్ద రాగి కాగు. ఇటుకలతో, మట్టితో కట్టిన పొయ్యి మీద దాన్ని కూర్చోబెట్టి పూలు, నీళ్లు వేస్తారు. మూతపెట్టి, ఆవిరి బయటికి పోకుండా అంచు చుట్టూ దూది కలిపిన బంకమట్టి మెత్తుతారు. కాగులోంచి ఒక వెదురు గొట్టం పక్కనే నీళ్లతొట్టిలో మునిగి ఉన్న పొడుగు మెడ రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రే భప్కా. అందులో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. పూల ఆవిరి గొట్టంలోంచి వచ్చి, తొట్టి నీళ్ల చల్లదనానికి నీరుగా మారి, వాసనంతా గంధం నూనెకి పట్టిస్తుంది.

థర్మామీటర్ ఉండదు, మీటర్ ఉండదు. పనివాడు తొట్టిలో చెయ్యి పెట్టి భప్కాను తడిమి చూస్తాడు. ఎంత వేడెక్కిందో చేతికి తెలుస్తుంది, దాన్నిబట్టి మంట తగ్గించడమో పాత్ర మార్చడమో చేస్తాడు. రాత్రికి నూనె పైకి తేలితే అడుగు నీటిని భప్కా కింది రంధ్రంలోంచి తీసి, మర్నాడు కొత్త పూలతో పాటు మళ్లీ కాగులోనే పోస్తారు. ఒకే గంధం నూనెలోకి రోజు తర్వాత రోజు కొత్త పూల వాసన దిగుతుంది. ఇలా పది, పదిహేను రోజులు సాగితే ఒక బ్యాచ్ అత్తరు తయారవుతుంది. పూలే కాదు, కాల్చిన మట్టి పెంకుల్ని ఇలాగే మరిగించి తొలకరి వాన వాసననీ పట్టి ఇస్తారు. మిట్టీ అత్తర్ అంటే అదే. ఆ వాసన ఒక్కసారి చూసినవాళ్లు ఈ పద్ధతిని పాతకాలం తంతు అనరు.

ఇక్కడే చిక్కు కూడా ఉంది. గంధం నూనె కిలో ధర లక్ష దాటిపోవడంతో చాలాచోట్ల భప్కాలో గంధానికి బదులు లిక్విడ్ పారాఫిన్ లాంటివి పోయడం మొదలైంది. పారాఫిన్ పెట్రోలియం నుంచి వచ్చేది. పూలు నిజమైనవే, కాగు నిజమైనదే, కానీ సీసాలో ఎక్కువ భాగం ఖనిజ తైలం. దీన్ని సహజం అనాలా? నా మటుకు అనకూడదు, కనీసం లేబుల్ మీద ఆ సంగతి రాయాలి. కన్నౌజ్ నుంచి సరుకు తెప్పించుకునే కొత్త వ్యాపారి మొదట అడగాల్సిన మాట ‘ఏ పూలు’ అని కాదు, ‘దేంట్లోకి దింపారు’ అని.

మల్లె సారానికి వాడే హెక్సేన్ కూడా పెట్రోలియం ద్రావకమే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నిర్వచనం (ఐఎస్ఓ 9235) ప్రకారం పూల నుంచి తీసిన అబ్సల్యూట్ సహజ పదార్థమే. యూరప్‌లోని కాస్మోస్ ఆర్గానిక్ ప్రమాణం మాత్రం హెక్సేన్‌ను ఒప్పుకోదు. ఒకే సీసా ఒక లెక్కలో సహజం, ఇంకో లెక్కలో కాదు. అందుకే ఏ నిర్వచనాన్ని పాటిస్తున్నామో మొదటి రోజే తేల్చుకుని రాసిపెట్టుకోవాలి, మధ్యలో మార్చకూడదు. హెక్సేన్ వద్దనుకుంటే ఒత్తిడిలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌తో తీసే పద్ధతి ఉంది, కానీ ఆ యంత్రం చిన్న పెట్టుబడికి అందదు. నువ్వుల మధ్య పొరలు పొరలుగా పూలు పరిచి, వాసన పట్టిన నువ్వుల్ని గానుగాడే పాత పద్ధతి కూడా ఉంది. మల్లె, జాజి కోశాక కూడా కొన్ని గంటలపాటు వాసన పుట్టిస్తూనే ఉంటాయి కాబట్టి ఆ పద్ధతి వాటికి బాగా కుదురుతుంది. స్ప్రేకి పనికిరాదు గానీ, తలనూనెకీ ఒంటినూనెకీ ఇంతకంటే శుభ్రమైన దారి లేదు.

చెట్టు నుంచి వచ్చిందంతా మంచిదేనా?

సహజం అన్నా, పర్యావరణానికి మేలు అన్నా ఒకటే అనుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. జటామాంసి నూనె పూర్తిగా సహజం. కానీ హిమాలయాల్లో వేళ్లతో సహా పెకలించడం వల్ల ఆ మొక్క అంతరించిపోయే స్థితికి వచ్చింది, దాని అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల ఒప్పందం) నియంత్రణలో ఉంది. ఊద్ అనే సుగంధ ద్రవ్యాన్నిచ్చే అగరు చెట్టు జాతులన్నీ 2005 నుంచి అదే జాబితాలో ఉన్నాయి. వట్టివేరు ఎక్కడైనా పెరుగుతుంది, నేలను పట్టి ఉంచుతుంది కూడా. కానీ నూనె ఉండేది వేరులోనే. వాలు నేలల్లో వేళ్లు తవ్వేస్తే వానకి మట్టి కొట్టుకుపోతుంది. ప్రపంచానికి వట్టివేరు నూనె పెద్ద ఎత్తున ఇచ్చే హైతీలో ఇదే సమస్య.

గంధం విషయంలో మన దగ్గర ఇంకో అపోహ ఉంది. ఎర్రచందనం, శ్రీగంధం ఒకే కుటుంబం అనుకునేవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు. శేషాచలం అడవుల్లోని ఎర్రచందనానికి గంధం వాసన ఉండదు, దాని విలువంతా కలపలో, రంగులో ఉంది. సువాసన శ్రీగంధం చేవలో ఉంటుంది. ఆ చెట్టు పక్క మొక్కల వేళ్ల నుంచి కొంత ఆహారం తీసుకుని పెరుగుతుంది, చేవలో చెప్పుకోదగ్గ నూనె రావడానికి పదిహేనేళ్లకు తక్కువ పట్టదు. కర్ణాటక 2001లో చట్టం మార్చి సొంత భూమిలోని గంధం చెట్టు మీద రైతుకి హక్కు ఇచ్చాక తోటల సాగు ఊపందుకుంది. అయినా కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి ఉండాల్సిందే. బిల్లు, అనుమతి కాగితం చూపించలేని గంధం నూనె ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. అలాంటి నూనెలో కల్తీ లేకపోతే దొంగ కలప ఉంటుంది.

ఫ్యాక్టరీ రసాయనం ఎప్పుడూ ప్రకృతికి శత్రువు కూడా కాదు. కృత్రిమ గంధపు వాసనలు రాకపోయి ఉంటే అడవుల్లో మిగిలిన గంధం చెట్ల మీద ఒత్తిడి ఇంకా పెరిగేది. నేను సహజ పరిమళాల పక్షమే, కానీ ఈ మాట ఒప్పుకోకుండా ‘రసాయనాలు విషం’ అని ప్రచారం చేసే బ్రాండ్లను చూస్తే బాధేస్తుంది. మల్లె వాసన కూడా రసాయనాల కలయికే.

మన నేల ఇచ్చేవి

మళ్లీ మళ్లీ కోసుకోగలిగినవి, ఏ చేనులో పెరిగాయో వెళ్లి చూడగలిగినవి ఎంచుకుంటే సగం చిక్కులు తీరిపోతాయి. ఆ లెక్కన మన దగ్గర సరుకు తక్కువేమీ లేదు. నిమ్మగడ్డి ఒకసారి నాటితే నాలుగైదేళ్లు ఉంటుంది, ఏటా మూడు నాలుగు కోతలు వస్తాయి. పామారోజా గడ్డి నూనెలో ఎక్కువ భాగం జెరానియాల్, గులాబీ వాసనలో కనిపించే పదార్థమే అది. గులాబీ నూనె కొనే శక్తి లేని చిన్న బ్రాండుకి ఇది పెద్ద వరం. రెండింటినీ ఊళ్లోనే ఆవిరి యంత్రం పెట్టుకుని తీయొచ్చు, నూనె తీసేశాక మిగిలే గడ్డి పొయ్యికి వంటచెరకు అవుతుంది, చేనుకి మల్చింగ్ అవుతుంది.

దవనం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దండల్లో మరువం పక్కన గుచ్చే ఈ చిన్న మొక్క నూనె ప్రపంచంలో దాదాపు అంతా మన దేశం నుంచే, అందులోనూ దక్షిణాది నుంచే వెళ్తుంది. పండిన పండు, తేనె, ఎండుగడ్డి కలిసినట్టుండే ఆ వాసనని విదేశీ సెంట్ల తయారీదారులు చుక్క చుక్కగా వాడుకుంటారు. నాలుగు నెలల పంట. శీతాకాలం మొదట్లో విత్తి, ఎండలు ముదరకముందే కోసేస్తారు. దవనం వాసన తెలిసిన తెలుగువాళ్లు దాన్ని ప్రధానంగా పెట్టి ఒక సెంటు చేస్తే, అది ఫ్రెంచి సెంట్లకి నకలులా ఉండదు. పక్కనే ఒడిశాలోని గంజాం జిల్లాలో మొగలిపువ్వు నుంచి తీసే రూహ్ (గంధం నూనెలోకి దింపకుండా తీసిన పూల నూనె) ఉంది, దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది.

లక్నో కేంద్రంగా పనిచేసే సీమాప్ (ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ)కి హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. సుగంధ పంటల సాగు పెంచడానికి 2017లో మొదలైన అరోమా మిషన్ కింద మొక్కలు, శిక్షణ, నూనె తీసే యూనిట్లు రైతు సమూహాలకి అందాయి. బ్రాండ్ పెట్టాలనుకునేవాళ్లు ఆ కేంద్రం ద్వారా రైతుల్ని కలుసుకోవచ్చు.

కడియపులంక పూల మార్కెట్లో కొన్ని రోజులు లిల్లీ, మల్లె రేట్లు పడిపోయినప్పుడు, గుళ్లలో మిగిలిన పూలు చూసినప్పుడు, వాటితో అత్తరు తీయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వాడిపోయిన పువ్వులో తీయడానికి వాసన మిగలదు. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో స్వామివారి సేవకి వాడిన పూలతో అగరుబత్తీలు చేయడం మొదలుపెట్టింది, పూల పొడికి ఆ ఉపయోగం సరిగ్గా సరిపోతుంది. సెంటుకి మాత్రం తాజా పువ్వే కావాలి. రేటు పడిన రోజు రైతు దగ్గర చవగ్గా కొనేయడం కంటే, సీజన్ మొత్తానికి ఒక కనీస ధర రాసుకుని అదే ధరకి కొనడం ఇద్దరికీ మేలు. మొదట్లో భారం అనిపిస్తుంది. కానీ పెళ్లిళ్ల వారంలో పువ్వు మనకి దొరికేది ఆ ఒప్పందం వల్లే. పర్యావరణం గురించి మాట్లాడే బ్రాండు పువ్వు కోసే చేతులకి ఎంత ఇస్తోందో చెప్పకపోతే ఆ మాటకి బరువు లేదు.

కాగితాలు, పరీక్షలు

ఒంటికి రాసుకునే, చల్లుకునే సెంటు చట్టం దృష్టిలో కాస్మెటిక్. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్సు కావాలి, దానికి తగిన గది, అర్హత ఉన్న సిబ్బంది ఉండాలి. వంటింట్లో కలిపి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మడం కుదరదు. లైసెన్సు ఉన్న యూనిట్‌తో మన ఫార్ములా ప్రకారం చేయించుకోవడం చిన్నవాళ్లకి తేలికైన దారి. అప్పుడు కూడా మనం తెచ్చిన నూనెలే వాడుతున్నారని చూసుకునే పని మనదే.

స్ప్రే చేయాలంటే ఆల్కహాల్ కావాలి, అక్కడ ఎక్సైజ్ శాఖ వస్తుంది. పారిశ్రామిక ఆల్కహాల్ మీద నియంత్రణ అధికారం రాష్ట్రాలకి ఉందని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2024 అక్టోబర్‌లో తీర్పిచ్చింది, కాబట్టి ఆంధ్రలో ఒక రూలు, తెలంగాణలో ఒక రూలు ఉండొచ్చు. ఆల్కహాల్ ఉన్న సెంటు మండే సరుకు కిందికి వస్తుంది, విమానంలో పంపడానికి చాలా కొరియర్ సంస్థలు ఒప్పుకోవు. మొదట నూనె ఆధారిత అత్తరుతో మొదలుపెడితే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

చర్మం విషయంలో ‘సహజం కాబట్టి ఏమీ కాదు’ అనే మాట ప్రమాదకరం. నిమ్మగడ్డిలోని సిట్రాల్, లవంగంలోని యూజినాల్ కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి. బెర్గమాట్ లాంటి నిమ్మజాతి నూనెలు కొన్ని రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. ఏ పదార్థం ఎంత శాతం మించకూడదో ఇఫ్రా అనే అంతర్జాతీయ సువాసన పరిశ్రమల సంఘం ప్రమాణాలు చెబుతాయి, ఫార్ములా రాసే ముందు అవి పక్కన ఉండాలి. అలర్జీ కలిగించే సువాసన పదార్థాల పేర్లు లేబుల్ మీద రాయాలన్న జాబితాని యూరప్ 2023లో 26 నుంచి 80కి పైగా పెంచింది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి అమ్మాలనుకుంటే అక్కడ 2022లో వచ్చిన కాస్మెటిక్స్ చట్టం కింద తయారీ స్థలం, సరుకు వివరాలు నమోదు చేసే నియమాలు చూసుకోవాలి. మన దేశంలోనూ 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. పర్యావరణం పేరుతో నేచురల్, గ్రీన్, ఎకో ఫ్రెండ్లీ లాంటి మాటలు వాడితే ఆధారం చూపించాలి.

ఆ ఆధారం ల్యాబ్ రిపోర్టుతో మొదలవుతుంది. జీసీ-ఎంఎస్ అనే పరీక్ష నూనెలోని పదార్థాల్ని ఒక్కొక్కటిగా విడదీసి ఎంతెంత ఉన్నాయో చూపిస్తుంది. పామారోజాలో జెరానియాల్ ఎంతో, కలిపిన ద్రావకం ఎంతో దాచడం కష్టం. కన్నౌజ్‌లోని కేంద్ర ప్రభుత్వ సువాసనల అభివృద్ధి కేంద్రం (ఎఫ్ఎఫ్‌డీసీ) ఇలాంటి పరీక్షలు చేస్తుంది. సరఫరాదారు ఇచ్చిన కాగితం చూసి ఊరుకోకుండా, కొన్న ప్రతి డబ్బా నుంచి నమూనా తీసి సొంతంగా పంపించాలి. మొదటి ఏడాది డబ్బు ఎక్కడైనా ధారాళంగా ఖర్చు పెట్టాలంటే నేను దీనిమీదే పెట్టమంటాను.

సీసా సంగతి క్లుప్తంగా. స్ప్రే మూతని మెడకి నొక్కి బిగించేసిన సీసా ఖాళీ అయ్యాక తెరవడం కుదరదు, గాజూ లోహమూ ప్లాస్టిక్కూ కలిసి చెత్తలోకి పోతాయి. మరమూత ఉన్న సీసా అయితే మళ్లీ నింపి ఇవ్వొచ్చు. ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. నూనె తీసినప్పుడు మిగిలే సువాసన నీటిని పారబోయకుండా పన్నీరులా విడిగా అమ్మడం కూడా అలాంటిదే.

సహజ సెంటు కృత్రిమ సెంటు అంతసేపు నిలవదు, ఏటా పంట మారినట్టే వాసనా కొంచెం మారుతుంది. దీన్ని దాచకుండా సీసా మీద పంట సంవత్సరం వేసి, ఏ ఊరి గడ్డి, ఏ నెల కోత అని రాస్తే కొనేవాళ్లు అర్థం చేసుకుంటారు. కన్నౌజ్ కేంద్రంలోనూ సీమాప్‌లోనూ కొన్ని రోజుల శిక్షణలు నడుస్తుంటాయి. బ్రాండ్ పేరు రిజిస్టర్ చేయించే ముందు ఒకసారి వెళ్లి, ఒక బ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా పక్కన నిలబడి చూడండి. ఎన్ని కిలోలు వేస్తే ఎన్ని గ్రాములు వచ్చాయో, ఎంత కట్టె, ఎన్ని నీళ్లు, ఎందరి కూలి పడిందో రాసుకోండి. మీ మొదటి సీసా ధర ఆ కాగితం మీద నుంచే వేయాలి.